ఆదివారం క్రాస్

"నాతో ఎవరూ మాట్లాడలేదండీ."

సాక్షి బోనులోంచి ఆ మాట రాగానే ప్రాసిక్యూషన్ బల్ల దగ్గర చిన్న పీపీ చేతిలో పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

డిఫెన్సు లాయరు అడిగింది చాలా మామూలు ప్రశ్న. "ఈ కేసు గురించి, కోర్టుకి రాకముందు మీతో ఎవరైనా మాట్లాడారా అమ్మా?" ప్రతి సాక్షినీ అడిగేదే. దానికి జవాబు కూడా మామూలుదే. 'మాట్లాడారండీ. నేను పోలీసులకి చెప్పింది ప్రాసిక్యూటరు గారు చదివి వినిపించి, నిజం చెప్పమన్నారు.' అంతే. అందులో తప్పేమీ లేదు, చట్టం ఒప్పుకునే పనే. కానీ బెదిరిపోయిన సాక్షి, అదేదో నేరమనుకుని, ఎవరూ మాట్లాడలేదంటాడు. గోతిలో పడేది అక్కడే. ఒక్క అబద్ధం దొరికితే చాలు, చెప్పిన నిజాలన్నీ దాంతోపాటే కొట్టుకుపోతాయి.

ఈ సంగతి చిన్న పీపీ టైలరమ్మకి విడమరిచి చెప్పింది. "ఇదేమన్నా కాజాలు కుట్టడమా మేడం, ఉన్నది చెప్పడమేగా" అని టైలరమ్మ నవ్వింది కూడా.

మరి ఇప్పుడిలా ఎందుకంది?

"ఎవరూ మాట్లాడలేదా?" డిఫెన్సు లాయరు మళ్ళీ అడిగాడు. పాలల్లో పంచదార కలుపుతున్నట్టుంటుంది ఆయన గొంతు. కోర్టులో అందరూ ఆయన్ని తేనె లాయరు అంటారు. ఎదురుగా అనరు. అన్నా ఆయన ఏమీ అనుకోడు.

"ఎవరూ మాట్లాడలేదండీ."

"కాస్త గట్టిగా చెప్పండమ్మా, జడ్జి గారికి వినపడాలి."

"ఎవరూ మాట్లాడలేదండీ!"

"మంచిది." తేనె లాయరు తొందరేమీ లేనట్టు కాగితం తిప్పాడు. "అమ్మా, మీకు పిల్లులంటే భయమా?"

హాలంతా తలెత్తింది. గోదాము యజమాని తన దగ్గర సరుకు మోసే కుర్రాణ్ణి ఇనుపరాడ్డుతో కొట్టి చంపిన కేసు ఇది. గోదాముకి ఎదురుగా ఉన్న కుట్టుమిషను ముందు కూర్చుని ఆ దెబ్బ కళ్ళారా చూసిన ఒకే ఒక్క మనిషి ఈ టైలరమ్మ. మెట్ల మీంచి జారిపడి చచ్చాడని యజమాని వాదన. మధ్యలో పిల్లి ఎక్కణ్ణుంచి వచ్చింది?

చిన్న పీపీ లేచింది. "యువరానర్, పిల్లి ఈ కేసులో సాక్షి కాదు, ముద్దాయి అంతకన్నా కాదు."

వెనక బెంచీల్లో నవ్వులు. జడ్జి గారు కళ్ళద్దాల పైనుంచి చూసింది. నవ్వులు ఆగాయి.

"సంబంధం ఇప్పుడే చూపిస్తాను యువరానర్," అని తేనె లాయరు బోను దగ్గరికి నడిచాడు. "పోయిన ఆదివారం సాయంత్రం మీరొక ఇంట్లో పసుపుపచ్చ సోఫా మీద కూర్చున్నారు. తెల్ల పిల్లి ఒకటి ఎగిరి మీ ఒళ్ళోకి దూకింది. మీరు అమ్మో అని అరిచారు. చేతిలో టీ బట్టల మీద ఒలికింది. ఔనా, కాదా?"

టైలరమ్మ నోరు తెరిచింది. మెల్లగా తల తిప్పి చిన్న పీపీ వైపు చూసింది. హాల్లో ఉన్న ప్రతి కన్నూ ఆ చూపు వెంటే వచ్చి చిన్న పీపీ మీద వాలింది.

"నేనెక్కడికీ వెళ్ళలేదండీ," అంది టైలరమ్మ ఏడుపు గొంతుతో.

రెండో అబద్ధం.

"ఇక నా ప్రశ్నలు లేవు యువరానర్." తేనె లాయరు కూర్చున్నాడు. ఆయన పక్కన గోదాము యజమాని మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు.

జడ్జి గారు గడియారం చూసింది. "భోజనం తర్వాత ప్రాసిక్యూషన్ అడగదలచుకుంటే అడగొచ్చు. అప్పటిదాకా ఈ సాక్షితో ఎవరూ మాట్లాడకూడదు." చివరి మాట ఆమె అన్నది ఒక్క చిన్న పీపీనే చూస్తూ.

*

చిన్న పీపీ అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఉద్యోగంలో చేరి ఇంకా ప్రొబేషన్ దాటలేదు. ఆమె అసలు పేరు కోర్టులో ఎవరికీ అక్కర్లేదు. పెద్ద పీపీ శిష్యురాలు కాబట్టి చిన్న పీపీ.

లా చదువుతున్న రోజుల్లో ఒకసారి వానకి తలదాచుకోవడానికి ఈ కోర్టు హాల్లోకే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. బోనులో ఒకామె వెక్కి వెక్కి ఏడుస్తోంది. జడ్జి విసుక్కుంటున్నాడు. అప్పటి పబ్లిక్ ప్రాసిక్యూటరు, నెరిసిన మీసాల మనిషి, ఆమెకి గ్లాసుతో నీళ్ళిచ్చి, "సాక్షి తేరుకునేదాకా నేనిలాగే నిలబడి ఉంటాను యువరానర్" అన్నాడు. నిలబడ్డాడు. ఆమె తేరుకుంది. చెప్పాల్సింది చెప్పింది. అంతే, వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి చదువు ఎటు వెళ్ళాలో ఆ మధ్యాహ్నమే తేలిపోయింది.

"రోజూ హంతకుల మొహాలు చూసే ఉద్యోగమేమిటే? హాయిగా బ్యాంకు పరీక్ష రాయరాదూ," అని తల్లి గోల పెట్టింది. "ఇక మరదలితో పోట్లాట పెట్టుకోకూడదు బాబోయ్, లోపల వేయిస్తుంది," అని బావ ఎగతాళి చేశాడు. ఆమె ఎవరి మాటా వినలేదు. ఆ నెరిసిన మీసాల మనిషి ఇంటి గేటు తట్టి, జూనియరుగా చేర్చుకోమని అడిగింది. ఆయనే పెద్ద పీపీ. అప్పట్నుంచీ ఆయన 'అమ్మాయ్' అంటే ఆమె 'సార్' అంటుంది. ఆయన భార్యని పిన్ని అంటుంది. ఆయన కొడుకు, తనకన్నా వయసులో పెద్దవాడే అయినా, సరదాకి ఆమెని 'అక్కా' అంటాడు. అతనూ ప్రాసిక్యూషన్‌లోనే ఉన్నాడు.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. దాని పేరే ఆదివారం క్రాస్.

ప్రాసిక్యూషన్ ఆఫీసంటే ఒకే గది. ఫైళ్ళు, కానిస్టేబుళ్ళు, కిటికీ బయట చెవులు రిక్కించే ముద్దాయి మనుషులు. అక్కడ కూర్చుంటే ధైర్యమున్న సాక్షికి కూడా చెమటలు పడతాయి. అందుకే పెద్ద పీపీ బెదిరిన సాక్షుల్ని ఆదివారం తన ఇంటికే పిలిపించేవాడు. లుంగీ మీదే నల్లకోటు తగిలించుకుని, తనే డిఫెన్సు లాయరై, వాళ్ళని అడ్డదిడ్డంగా ప్రశ్నలడిగేవాడు. ఏం చెప్పాలో ఎప్పుడూ నేర్పేవాడు కాదు. భయం మాత్రం పోగొట్టేవాడు. పిన్ని టీ, బిస్కెట్లు ఇచ్చేది. వణుకుతూ వచ్చినవాళ్ళు సోమవారం బోనులో పులుల్లా నిలబడేవాళ్ళు. చిన్న పీపీ వృత్తి నేర్చుకున్నది ఏ పుస్తకంలోనో కాదు, ఆ పసుపుపచ్చ సోఫా పక్కన నిలబడి.

పోయిన సంవత్సరం ఆయన రిటైరయ్యాడు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చే వారం ఇంటర్వ్యూ. ఆఖరి వడపోతలో మిగిలింది ఇద్దరే. ఒకరు చిన్న పీపీ, రెండోవాడు పెద్ద పీపీ కొడుకు. ఈలోగా ఆమెకి దొరికిన మొట్టమొదటి హత్య కేసు ఇది. గెలిస్తే కుర్చీ దాదాపు చేతికొచ్చినట్టే.

"టైలరమ్మ భయపడుతోందా? ఆదివారం ఇంటికి తీసుకురా అమ్మాయ్. ఒక్క గంటలో సెట్ చేసేద్దాం," అన్నది పెద్ద పీపీయే.

*

వరండాలో చివరి బెంచీ మీద టైలరమ్మ లేడీ కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉంది. చిన్న పీపీని చూడగానే లేవబోయింది. కానిస్టేబుల్ మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇద్దరి మధ్యా బెంచీల వరుస అడ్డంగా ఉంది. అంత దగ్గర్లో ఉండి కూడా ఒక్క మాట అడగడానికి వీల్లేదు.

చచ్చిపోయిన కుర్రాడి తల్లి ఎదురొచ్చింది. చేతిలో నీళ్ళ సీసా. "ఏంటమ్మా ఆ పిల్లి గొడవ? నా బిడ్డ కేసులో పిల్లేంటి?"

"చూస్తున్నానమ్మా."

"వాడు నవ్వుతున్నాడు. ఆ గోదాము వాడు. కేసు పోయిందా?"

"ఇంకా పోలేదు."

"ఇంకా అంటే?"

చిన్న పీపీ పక్కకి తప్పుకుని మెట్ల మలుపులోకి వెళ్ళింది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆదివారం జరిగింది మొదట్నుంచీ గుర్తు తెచ్చుకుంది. సోఫా ఉంది. టీ ఉంది. పిల్లి కిటికీలో పడుకుని ఉంది. కానీ టీ ఒలకడం ఆమె చూడలేదు. అమ్మో అన్న అరుపు వినలేదు.

అంటే తను ఆ గదిలో లేనప్పుడు జరిగింది. కోర్టు గుమాస్తా ఫోను చేస్తే మాట్లాడటానికి గేటు బయటికి వెళ్ళింది కదా, అప్పుడు. అప్పుడు గదిలో ఎవరున్నారు? టైలరమ్మ. పిన్ని. ఇంకా...

ఆమె ఫోను తీసింది.

"ఏమ్మా, తిన్నావా?" పిన్ని గొంతు వెనక కుక్కర్ కూత.

"తింటాను పిన్నీ. ఒక్క మాట. ఆదివారం టైలరమ్మ ఒళ్ళోకి పిల్లి దూకిందా?"

"అయ్యో, దూకడమా! దాని మొహం మండ, ఎవరు కొత్తగా వచ్చినా ఒళ్ళెక్కుతుంది. పాపం ఆవిడ హడలిపోయి టీ అంతా ఒంపేసుకుంది. నేనే తడిగుడ్డ తెచ్చి తుడిచాను. మరక పోలేదా ఏమిటి? పోకపోతే నిమ్మచెక్కతో రుద్దమను."

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"నువ్వు బయట ఫోన్లో ఉన్నావు కదే."

"సార్?"

"ఆయనెక్కడికి పోతారు, అక్కడే. ఆవిడకి చెప్తున్నారు. ఎవరైనా మాట్లాడారా అని కోర్టులో అడిగితే ఎవరూ మాట్లాడలేదనే చెప్పు, ఈ ఇంటికి వచ్చినట్టు తెలిస్తే మీ మేడం ఉద్యోగం ఊడుతుంది అని. ఆవిడ బిక్కమొహం వేసుకుంది. నువ్వు రాగానే మాట మార్చేశారులే. నీకు కంగారెందుకని కాబోలు. చూశావా, నీ మీద ఆయనకెంత ప్రేమో!"

చిన్న పీపీ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"హలో? ఏమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను పిన్నీ. తర్వాత చేస్తాను."

*

కోర్టు క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల పెద్ద పీపీది. రిటైరైనా ఆ బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోరు. సర్వరు అడక్కుండానే టీ పెట్టి వెళ్తాడు. ఆయన బిస్కెట్టు టీలో ముంచుతున్నాడు.

"రా అమ్మాయ్. కూర్చో."

ఆమె నిలబడే ఉంది. "పిల్లి సంగతి తేనె లాయరుకి ఎవరు చెప్పారు సార్?"

బిస్కెట్టు విరిగి టీలో పడింది. ఆయన చెంచాతో దాన్ని వెతికి తీశాడు. నోట్లో వేసుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు.

"నేనే," అన్నాడు.

కాదంటాడనుకుంది. కోప్పడతాడనుకుంది. 'పిచ్చిపిల్లా, నన్నే అనుమానిస్తావా' అంటే క్షమాపణ చెప్పి ఏడ్చేయడానికి కూడా సిద్ధంగా ఉంది. ఆ ఒక్క ముక్కకి మాత్రం సిద్ధంగా లేదు.

"కూర్చో. అందరూ చూస్తున్నారు."

కూర్చుంది.

"మావాడికి ఇదే ఆఖరి అవకాశం," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. నీకలా కాదు. మళ్ళీ ఖాళీ వస్తుంది, అప్పుడు నువ్వే. ఇంటర్వ్యూలో నువ్వు పోటీగా కూర్చుంటే వాడికి ఆ కుర్చీ రాదు. ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. తెలియంది వాడికొక్కడికే. ఈ పిల్లి సంగతి కూడా వాడికి తెలీదు."

"అంటే నేను బాగా చేస్తాననా సార్, ఇదంతా?"

"బాగా చెయ్యక? నేర్పింది నేనేగా."

"ఆ కుర్రాడి తల్లి బయట కూర్చునుంది."

"ఎంతమంది తల్లుల్ని చూశాను అమ్మాయ్! కేసులన్నాక పోతుంటాయి. అప్పీలుంటుంది." ఆయన కప్పు పక్కకి జరిపి ముందుకి వంగాడు. పాఠం చెప్పేటప్పుడు ఎలా వంగేవాడో అచ్చం అలాగే. "ఇప్పుడు నే చెప్పేది విను. మళ్ళీ వెళ్ళి ప్రశ్నలు లేవని చెప్పి కూర్చో. సాక్షి తడబడింది, కేసు వీగిపోయింది అనుకుంటారు. ఇంటర్వ్యూలో కాస్త వెనకపడతావు. ఉద్యోగానికి ఢోకా లేదు. అడిగావనుకో, సాక్షిని ఓ ప్రైవేటు మనిషి ఇంటికి తీసుకొచ్చానని నీ నోటితో నువ్వే ఒప్పుకోవాలి. ప్రొబేషన్లో ఉన్నావు. ఇంటికి పంపిస్తారు."

"ప్రైవేటు మనిషి?"

"నేనిప్పుడు ఎవర్ని? రిటైరయ్యాను కదా."

అప్పుడు వెలిగింది ఆమెకి. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు ప్రాసిక్యూటరు ఇల్లు. ఆదివారం క్రాస్ తప్పు కాదు. పూలదండలు వేసి సాగనంపిన మరుక్షణం నుంచి అది ఎవరో ఒక పెద్దమనిషి ఇల్లు. కోర్టంతా ఇంకా పెద్ద పీపీ అనే పిలుస్తోంది. ఆ బల్ల ఇంకా ఆయనదే. ఆ పిలుపులో, ఆ అలవాటులో అసలు సంగతి ఆమెకి తట్టనే లేదు. ఆయనకి మాత్రం తట్టింది.

"మీరే రమ్మన్నారు సార్."

"రమ్మంటే వచ్చేయడమేనా? రూలు చూసుకోవద్దూ?"

ఆమె లేచింది. టీ డబ్బులు ఎప్పుడూ ఆయనే ఇస్తాడు. ఆమె టీ తాగలేదు కాబట్టి ఆ ఇబ్బంది కూడా లేకపోయింది.

*

హాలు నిండిపోయింది. పిల్లి కథ బార్ రూమంతా పాకినట్టుంది. పెద్ద పీపీ కొడుకు జూనియర్ల బెంచీలో ఉన్నాడు. ఆమెని చూసి బొటనవేలు పైకెత్తి, ధైర్యంగా ఉండమన్నట్టు నవ్వాడు. పెద్ద పీపీ వచ్చి చివరి బెంచీలో, గోడ పక్కన కూర్చున్నాడు.

"ప్రాసిక్యూషన్?" అంది జడ్జి గారు.

క్రాస్‌లో లేచిన సందేహం మీద సొంత సాక్షిని మళ్ళీ ప్రశ్నించే హక్కు ప్రాసిక్యూటరుకి ఉంటుంది. కానీ జవాబు అందించకూడదు, సైగ చెయ్యకూడదు, తల ఊపకూడదు. ఏం జరిగిందో పిన్ని చెప్పింది. టైలరమ్మ చెప్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆమె మూడోసారి కూడా వెళ్ళలేదండీ అంటే కేసు అక్కడికక్కడే సమాధి. అలా అంటే ఎందుకంటుందో కూడా చిన్న పీపీకి తెలుసు. మేడం ఉద్యోగం కోసం.

ఒకసారి ముందు వరసలో నీళ్ళ సీసా పట్టుకున్న చేతుల వైపు చూసింది చిన్న పీపీ.

"ప్రశ్నలున్నాయి యువరానర్."

వెనక ఎవరో బెంచీలో కదిలిన చప్పుడు. ఆమె తిరగలేదు.

"టైలరమ్మా, మీతో ఎవరూ మాట్లాడలేదని పొద్దున చెప్పారు. అలా ఎందుకు చెప్పారు?"

టైలరమ్మ తల దించుకుంది. వేళ్ళతో బోను కర్ర మీద కనిపించని కుట్టేదో వేస్తోంది.

"చెప్పండి."

"చెప్తే మీకు..."

"నా గురించి కాదు నేనడిగింది. ఎందుకు చెప్పారని అడిగాను."

తేనె లాయరు చటుక్కున లేచాడు. "అభ్యంతరం యువరానర్! సాక్షికి ధైర్యం నూరిపోస్తున్నారు."

"ప్రశ్నే కదా మళ్ళీ అడిగింది. కూర్చోండి," అంది జడ్జి గారు. "నువ్వు చెప్పమ్మా."

టైలరమ్మ ముక్కు తుడుచుకుంది. "మాట్లాడారండీ. మేడమే మాట్లాడింది. నేను పోలీసులకి చెప్పింది చదివి, ఇది నిజమేనా, నిజమైతే ఇదే చెప్పండి అంది. ఎవరైనా అడిగితే ఈ మాట కూడా చెప్పమంది. దాచొద్దంది."

"మరి ఎందుకు దాచారు?"

"ఆ ఇంటాయన దాచమన్నాడండీ. మేడం బయటికెళ్ళినప్పుడు. చెప్తే మేడం ఉద్యోగం పోతుందన్నాడు. ఎలా చెప్పనండీ? కష్టపడి పైకొచ్చిన పిల్ల. నా నోటి మీదుగా పోవాలా?"

"ఆ ఇంటాయన ఇప్పుడు ఈ హాల్లో ఉన్నారా?"

టైలరమ్మ చెయ్యి ఎత్తింది. "అదిగో. గోడ పక్కన, తెల్లమీసాలాయన. ఆ పిల్లి కూడా ఆయనదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.

"ఇంకోటి కూడా రాసుకోండమ్మా," అని టైలరమ్మ జడ్జి గారి వైపు తిరిగింది. ఏడుపు పోయి గొంతులో రోషం వచ్చింది. "వెళ్ళలేదని అబద్ధమాడాను, తప్పే. శిక్ష వేస్తే వెయ్యండి. కానీ ఆ రాడ్డు దెబ్బ మాత్రం ఈ కళ్ళతో చూశాను. అది నాకెవరూ నేర్పలేదు."

గోదాము యజమాని కుర్చీలో ముందుకొచ్చి లాయరు చెవి కొరకబోయాడు. తేనె లాయరు అతన్ని చేత్తో తోసేశాడు.

"లాయరు గారూ," అంది జడ్జి గారు, "ఆ ఇంట్లో పిల్లి దూకిన సంగతి మీకెలా తెలిసింది?"

"అది... నాకు అందిన సమాచారం యువరానర్. ఎవరిచ్చారో నేను చెప్పనక్కర్లేదు."

ఆ గొంతులో తేనె లేదు.

"అక్కర్లేదు లెండి. వెనక బెంచీలో మీరు, లేవండి."

పెద్ద పీపీ లేచాడు. జీవితమంతా ఈ హాల్లో నిలబడ్డ మనిషే. నిలబడమని ఎవరైనా అనడం మాత్రం ఇదే మొదలు. జూనియర్ల బెంచీలోంచి ఆయన కొడుకు తండ్రిని చూశాడు, చిన్న పీపీని చూశాడు. ఫైలు అక్కడే వదిలేసి తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

చిన్న పీపీ బల్ల అంచు పట్టుకుంది. "యువరానర్, నాది కూడా రికార్డు చెయ్యండి. సాక్షిని ఆ ఇంటికి తీసుకెళ్ళింది నేనే. ఆయన పదవిలో లేరన్న సంగతి నేను ఆలోచించాలి. ఆలోచించలేదు. సాక్షి తప్పేం లేదు."

జడ్జి గారు చాలాసేపు టైపిస్టుకి చెప్తూ ఉంది. అన్నీ రాయించింది. సాక్షిని నమ్మాలా వద్దా అన్నది తీర్పులో తేలుస్తానంది. పెద్ద పీపీ మీద విచారణకి రాయించింది. ఆఖర్న, వచ్చే వాయిదా నుంచి ఈ కేసు వేరే ప్రాసిక్యూటరు నడపాలనీ, చిన్న పీపీ మీద నివేదిక పై అధికారులకి వెళ్ళాలనీ రాయించింది. అది చెప్పేటప్పుడు తల ఎత్తలేదు.

*

"ఇంతకీ కేసు ఉన్నట్టా, పోయినట్టా?" వరండాలో కుర్రాడి తల్లి పట్టుకుంది.

"ఉందమ్మా."

"మరి నువ్వు?"

"నేను లేను."

ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఈమెకి లేదు. ఆవిడ సీసా మూత తీసి నీళ్ళు అందించింది. చిన్న పీపీ తాగింది.

మెట్ల దగ్గర పెద్ద పీపీ కొడుకు నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, నాకు తెలీదు. ఒట్టు. నాకేం తెలీదు."

అతను నిజమే చెప్తున్నాడని క్యాంటీన్లో తండ్రే సాక్ష్యమిచ్చాడు. కానీ ఆ తండ్రి మాటని ఇప్పుడు దేనికని నమ్మడం? ఆ ఇంట్లో తిన్న బిస్కెట్టు దగ్గర్నుంచి ప్రతిదాన్నీ మళ్ళీ తిరగేసి చూసుకోవాల్సిన స్థితి వచ్చింది. "సరే" అంది. ఆ సరేలో ఏమీ లేదని అతనికీ తెలిసింది. తల వంచుకుని దిగి వెళ్ళిపోయాడు.

హాల్లోంచి పెద్ద పీపీ వచ్చాడు. చుట్టూ ఉన్న లాయర్లు దారి ఇచ్చారు, ఎప్పటిలాగే. కానీ ఎవరూ నమస్కారం పెట్టలేదు. తిన్నగా ఆమె దగ్గరికే వచ్చి ఆగాడు.

"ప్రశ్న బాగా అడిగావు," అన్నాడు. "ఎక్కడా జవాబు అందించలేదు."

ఇంత జరిగాక కూడా ఆయన మెచ్చుకోలు చెవిన పడగానే ఆమె లోపల ఏదో మూల పాత శిష్యురాలు నిటారుగా నిలబడింది. ఆయన చేసిన ద్రోహం కంటే అదే ఎక్కువ మండించింది.

"గదిలో నేనన్న మాట నీకెవరు చెప్పారు?" ఆయన గొంతు తగ్గింది. "టైలరమ్మతో నువ్వు మాట్లాడలేదు. కానిస్టేబుల్ని అడిగాను. తెలియకుండా నువ్వు ఆ ప్రశ్న అడగవు. ఎవరు?"

"పిల్లి చెప్పింది సార్."

ఆయన నవ్వలేదు. సమాధానం కోసం అలాగే చూస్తున్నాడు. అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూసి, నొక్కేసి జేబులో పెట్టుకున్నాడు. మరుక్షణం ఆమె చేతిలో ఫోను మోగింది. తెర మీద పెద్ద అక్షరాల్లో 'పిన్ని'.

ఆయన చూశాడు. చూసి, ఆమె మొహం చూశాడు.

ఇన్నేళ్ళలో ఆ కళ్ళలో ఆమె ఎన్నడూ చూడనిది కనిపించింది. కోపం కాదు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో, ఏది ముందు చెప్పాలో, ఏది దాచాలో అప్పుడే పేర్చుకుంటున్న సాక్షి చూపు అది. సాయంత్రానికల్లా ఆ ఇంట్లో కథ మారిపోతుంది. తప్పు చిన్న పీపీది అవుతుంది, లేదా నోరు జారిన పిన్నిది అవుతుంది. ఆవిడ మిగిలిన బతుకంతా నావల్లే కదా అని కుమిలిపోతుంది.

"ఎత్తకు అమ్మాయ్," అన్నాడు ఆయన. మొదటిసారి అది ఆజ్ఞలా లేదు. "నేను చెప్పుకుంటాను."

ఆమె ఎత్తింది.

"ఏమ్మా, ఆయన ఫోను ఎత్తట్లేదు. అక్కడే ఉన్నారా? నువ్వు మధ్యాహ్నం అలా పెట్టేశావు, నాకు మనసు మనసులో లేదు. అంతా బాగానే ఉందా?"

"లేదు పిన్నీ." చిన్న పీపీ గోడకి ఆనుకుంది. ఎదురుగా ఆయన కదలకుండా నిలబడ్డాడు. "సార్ ఇక్కడే ఉన్నారు, వింటున్నారు. మీరు పొయ్యి కట్టేసి వచ్చి కూర్చోండి. ఆదివారం మీరు విన్న మాట ప్రేమతో అన్నది కాదు. ఎందుకన్నారో మొదట్నుంచీ చెప్తాను."